ఓడలూ బండ్లూ

ఫారంలో ఒక గడి:
'బదిలీ కోరుటకు కారణం.'
రెండంగుళాల జాగా.
నీళ్లు, అని రాసి కొట్టేశాను.
జీతం, అని రాశాను.
గుమాస్తాకి అది అర్థమైంది. ముద్ర వేశాడు.

తొమ్మిదేళ్లు ఒరూరో బారక్సులో ట్రక్కు నడిపాను.
బంగాళాదుంపలు, బూట్లు, చలికి ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోయే రంగరూట్లు.
ఒకసారి బ్యాండు మేళం మొత్తాన్నీ ఎక్కించుకున్నాను.
మలుపులో పెద్ద డోలు దొర్లిపోతే
దాని మోత విని వెనక్కి నడిచాను, అరమైలు.

మా బొలీవియాకి సముద్రం లేదు.
నౌకాదళం ఉంది.
"బట్టతలకి దువ్వెన," అన్నాడు సార్జెంటు బస్కోపె,
నా కాగితం మీద సంతకం పెడుతూనే.

అంతకు ముందు ఒక ఆగస్టులో
సెలవు పెట్టి, ట్రక్కు అడిగి తెచ్చుకుని,
తాతయ్య పడవని ఎక్కించాను.
పోపో సరస్సు అప్పటికి సరస్సు కాదు.
ఉప్పు పెచ్చులు కట్టిన తెల్లటి నేల,
అందులో మూతి పెట్టి పడుకున్న పడవ.
నలుగురం పట్టి లేపితే
దాని కింద మట్టి ఇంకా చెమ్మగా ఉంది,
అరచెయ్యంత మేర.
తాతయ్య అక్కడ చెయ్యి ఆనించి
చాలాసేపు తియ్యలేదు.
మమ్మల్ని మేము నీటి మనుషులమని చెప్పుకుంటాం.
నేను ఎదిగేసరికి ఆ నీరు మోకాలికి దిగింది.
నాకు ఈత రాదు.

ఆ పడవని ఒరూరోలో ఒక హోటలువాడు కొన్నాడు.
గుమ్మం ముందు పెట్టి
అందులో పూలకుండీలు పేర్చాడు.

ఇక్కడ, టికీనా జలసంధిలో, మొదటిరోజు
"బ్రేకు ఏది?" అన్నాను.
"లేదు," అంది సబాఫీసర్ నియెవెస్ కలిసాయా.
"మరి ఆపేదెలా?"
"ఆగాల్సిన చోటికి చాలా ముందే ఆగడం మొదలుపెట్టు."
మూడు వారాలు నా కుడికాలు గాలిని తొక్కింది.

భుజం మీద ఒక పట్టీ ఊడింది.
పందొమ్మిదేళ్ల రుఫో నాకు ముడులు నేర్పాడు.
ట్రక్కు ముడి బిగిసి కూర్చోవాలి,
పడవ ముడి ఒక్క గుంజుకి వదిలెయ్యాలి.
"వదలడానికే కట్టేది, ముసలోడా," అనేవాడు.
నాకు ముప్ఫై ఒకటి.

ఇంజను మాత్రం చుట్టమే.
అదే దగ్గు, అదే నల్లటి ఊపిరి.
రేడియేటరుకి సీసాతో కొలిచి పోసిన చెయ్యి నాది.
ఇక్కడ సరస్సే రేడియేటరు.
మొదట్లో నాకు సిగ్గేసింది,
ఇన్ని నీళ్లు ఒక్క ఇంజనుకా అని.

ఈ జలసంధి దాటే బస్సులు
చెక్క బల్లకట్ల మీద దాటుతాయి.
ప్రయాణికులు వేరే పడవలో వెళ్తారు.
గాలి లేచిన ఒక మధ్యాహ్నం
బల్లకట్టు మోటారు చచ్చిపోయింది.
ఆకుపచ్చ బస్సు ఒకటి
ఎవరి మాటా వినకుండా ఉత్తరానికి కొట్టుకుపోతోంది.
తాడు విసిరాను. రెండోసారికి అందింది.
తలెత్తి చూస్తే డ్రైవరు సీట్లోనే ఉన్నాడు,
స్టీరింగుని రెండు చేతులా కరుచుకుని,
నడుం సీటు నుంచి లేచేంతగా
బ్రేకు మీద నిలబడి.
"దిగన్నా, అది పనిచెయ్యదు!" అని అరిచాను.
అరుస్తూ కిందికి చూసుకున్నాను.
నా కాలూ తొక్కుతోంది.

ఆదివారాలు తాతయ్యకి ఫోను చేస్తాను.
జీతం పెరిగిందా అని ఆయన అడగడు.
"ఈ వారం ఎక్కడ తిరిగావు? అక్కడెంత లోతు?"
చెప్తాను.
కాసేపు ఏమీ వినపడదు, ఊపిరి తప్ప.
"మళ్లీ చెప్పు," అంటాడు.